చిన్నాయిన తీర్చుకున్న పగ

పాలమూరులో ఫ్లెక్సీల దుకాణం నడిపిన మా చిన్నాయిన పోయిన బుధవారం గుండెపోటుతో కన్నుమూశారు. తాళాలు జేబులో వేసుకుని, దుకాణానికి బయలుదేరే ముందు చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు.

ఆయన మనుషులతో మెత్తగానే ఉండేవారు. కంప్యూటర్ అప్‌డేట్ అంటే మాత్రం పగ. ఆ పగ నాకూ అంటించి వెళ్లారు.

మా అవ్వ, అంటే ఆయన తల్లి, చనిపోయిన రోజు జరిగిందది. ఊరందరికీ ఫ్లెక్సీలు చేసిన చేత్తో తల్లికీ తనే చేయాలని కూర్చున్నారు. ఫొటో సరిచేసి ప్రింటుకు ఇవ్వబోతుంటే కంప్యూటర్ తనంతట తానే ఆగిపోయి, అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దంది. అది లేచేసరికి ఇంటి దగ్గర పాడె లేచింది. వాకిట్లో ఫొటో లేకుండానే అవ్వ వెళ్లిపోయింది.

"పనోడు తప్పు జేస్తే గల్లా పట్టి అడుగుత. దీని గల్లా యాడుంటది బిడ్డా?" అన్నారు నాతో, తన చొక్కా కాలరు పట్టి చూపిస్తూ. ఆయన ఏడవగా చూసింది అప్పుడే.

ఏడ్చి ఊరుకునే రకం కాదు. సెట్టింగులన్నీ గాలించారు. దుకాణం తెరిచి ఉండే వేళల్లో అది తనంతట తాను ఆగి మొదలవకుండా కట్టడి చేశారు. తెర మూలన ఎగిరెగిరి పడే నోటిఫికేషన్ల నోరు ఒక్కొక్కటిగా మూయించారు. "నడువ్! నీ అయ్య జాగీరా?" అనేవారు ప్రతిదాన్నీ. వైరస్ వస్తే నష్టం మనకేనని అప్‌డేట్లు మొత్తానికి మానలేదు. ఆదివారం పనంతా అయ్యాక, నింపాదిగా చాయ్ తాగి, దాన్ని ఇంకాస్త కూర్చోబెట్టి, అప్పుడు నొక్కేవారు.

"అడుగుడు దాని పని. ఎప్పుడనేది చెప్పుడు నా పని" అని నవ్వేవారు. ఆ నవ్వులో జాలి ఉండేది కాదు. నాకు ఆ నవ్వంటే ఇష్టం.

ఆయన ఫ్లెక్సీ చేయడానికి అదే కంప్యూటర్ ముందు నేను కూర్చున్నాను. కళ్లు మసకబారి ఎంత ఆలస్యం చేసినా అది కిక్కురుమనలేదు. పాడె లేవకముందే చిన్నాయిన వాకిట్లో నిలబడ్డారు. అంత దుఃఖంలోనూ కసి తీరినట్టు అనిపించింది.

నిన్న ఆదివారం కదా అని, చిన్నమ్మ పక్కనుండగా కంప్యూటర్ తెరిచి చూశాను. అప్‌డేట్ సిద్ధంగా ఉంది.

"నొక్కాల్నా చిన్నమ్మా?" అని అడిగాను.

ఆమె తెర వైపు చూసింది. "ఆగుమను. మీ చిన్నాయిన దినాలు కానియ్యి. మా అత్తమ్మ పోయిన్నాడు అది ఆగిందా?"

వాయిదా వేశాను. చిన్నమ్మ ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కాలు మీద కాలు వేసుకుంది.