ఇవాళ ఆట అని రాసిన చీటీ

కంప్యూటర్ గదికి రెండు నియమాలుండేవి. చెప్పులు బయట విడవాలి. లోపల ఆటలాడకూడదు. రెండూ నేనే అట్టముక్క మీద రాసి తలుపుకు అంటించాను. మొదటిది పిల్లలు పాటించారు. రెండోది నేను పాటించలేదు.

2011లో లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు వెళ్లే దారిలో ఒక ఊరి సర్కారు హైస్కూలులో నేను కంప్యూటర్ సారును. కామారెడ్డిలో డిగ్రీ చదివి, ఆ డిగ్రీని ఏం చేసుకోవాలో తెలియక కాంట్రాక్టు మీద చేరినవాణ్ణి. గదిలో పది కంప్యూటర్లు, అందులో ఆరు పనిచేసేవి. మిగతా నాలుగింటినీ రోజూ తుడిచేవాళ్లం, చిన్నబుచ్చుకుంటాయేమోనని. కరెంటు పోతే జనరేటరు ఉండేది. జనరేటరుకు డీజిల్ ఉండేది కాదు.

ఆ ఏడు తెలంగాణ సమ్మెతో బడి నెలన్నర మూతబడి తెరుచుకుంది. పిల్లలు పాఠాల కోసం ఎంత తపించారో నేను చెప్పలేను గానీ, కంప్యూటర్ గది ముందు మాత్రం చెప్పులు కుప్పపడేవి. ఎవరో తెచ్చిన సీడీలో కార్ల పందెం ఆట ఒకటుంది. శనివారం ఆఖరి పావుగంట దానికి వదిలేశాను. అందరూ ఒక కన్ను తెర మీద, ఒక కన్ను మీటల మీద పెట్టి ఆడేవారు. మలుపు వచ్చేసరికి రెండు కళ్లూ మీటల మీదే ఉండేవి, కారు రోడ్డు దిగి ఉండేది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె మాత్రం చేతుల వైపు ఒక్కసారీ చూసేది కాదు. ఆమె కారు రోడ్డు దిగేది కాదు.

"చేతులు చూసుకోకుండ ఎట్లాడుతున్నవమ్మా?" అని అడిగాను.

"చేతులు చూసుకుంట కూసుంటే బీడీలు ఎప్పటికైతయి సార్?" అంది.

పొద్దున బడికి రాకముందు, సాయంత్రం బడి విడిచాక, ఆమె తల్లితో కూర్చుని బీడీలు చుట్టేది. తండ్రి ఏడాదిలో సగం దినాలు పని వెతుక్కుంటూ వేరే జిల్లాల్లో ఉండేవాడు. పెద్ద కూతురి పెళ్లయిపోయింది. ఈ పిల్ల సంగతి తల్లి మా హెడ్మాస్టరుకు ముందే చెప్పి పెట్టింది: "తొమ్మిది కానియ్యున్రి సారూ. పదికి పంపుడు అప్పుడు చూద్దాం." ఆ మాటకు అర్థం మా ఊళ్లో అందరికీ తెలుసు. 'చూద్దాం' అన్నాక పదో తరగతి చూసిన ఆడపిల్లలు తక్కువ.

ఆ చలికాలంలో కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీ హైస్కూలు పిల్లలకు పోటీలు పెట్టింది. వ్యాసరచన, క్విజ్, వాటితోపాటు కంప్యూటర్ ఆట. బడికి ఒకరు. ఆ పిల్లను తీసుకుపోతానని స్టాఫ్ రూములో అన్నాను. బెల్లు కొట్టినా ఎవరూ లేవనంత వాదన జరిగింది.

"కూసోని ఆడేది ఆటనా?" అన్నాడు పీఈటీ సారు. పాతికేళ్లుగా కబడ్డీ నేర్పిన మనిషి, మోకాలు ఆ సంగతి నడిచినప్పుడల్లా చెప్పేది. "చెమట రాంది ఆటెట్లయితది?"

"చదరంగం ఆట కాదా సార్?"

"మన బడిల అది ఆడెటోళ్లు లేరు. అందుకే దాని మీద నాకు కోపం లేదు."

తెలుగు సారు కాగితాల్లోంచి తలెత్తకుండానే, "రేపు పేకాటకు గూడ టీమును పంపుదమంటవు," అన్నాడు.

నేను లాయరులా వాదించాను. ఆ పిల్ల లెక్కల్లో వెనక, ఇంగ్లీషులో ఇంకా వెనక. బడిలో ఆమె ముందున్నది ఇదొక్కటే. కాళ్లతో పరిగెత్తేవాడికి మైదానం ఉంటే, చేతులతో పరిగెత్తేదానికి ఈ గది ఉండాలి. ఒక్క బహుమతి తెచ్చి తల్లి చేతిలో పెడితే 'చూద్దాం' కాస్తా 'పంపుతాం' అవుతుంది. వాదన బాగానే వచ్చింది. ఇంకొంతసేపు సాగితే నాకే కన్నీళ్లొచ్చేవి.

హెడ్మాస్టరు కళ్లద్దాలు తీసి, "ఆటైతే ఆటల రిజిస్టర్ల రాయాలె. చదువైతే ఇంకో రిజిస్టర్ల. ఏందిది?" అన్నాడు.

"ఆటే సార్," అన్నాను ఖచ్చితంగా.

ఆటల రిజిస్టరు మీద పీఈటీ సారు సంతకం కావాలి. ఆయన పెన్ను తీశాడు. "దస్తఖత్ చేస్త. ఇంటోళ్లకు మాత్రం ఆటకు తీస్కపోతున్ననని చెప్పు."

"అదే చెప్తాను సార్."

పిల్ల వాళ్ల వాకిట్లో తల్లితోపాటు మరో నలుగురు ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఒళ్లో చాటలు, చాటల్లో కత్తిరించిన తునికాకు, తంబాకు. మాట్లాడుతూనే ఉన్నారు, ఒక్క చెయ్యీ ఆగలేదు.

"ఏం సారూ, పిల్ల ఏమన్న తప్పు చేసిందా?" అంది తల్లి.

"లేదక్కా. ఎల్లుండి కామారెడ్డికి తీసుకపోదామని. హిందీ టీచరమ్మ గూడ వస్తది. సాయంత్రం బస్సుకు తిరిగొస్తం."

"కామారెడ్డికా? ఏంటికి?"

ఆ అయిదు జతల చేతులను చూశాను. స్టాఫ్ రూములో అంత సులువుగా వచ్చిన మాట ఆ వాకిట్లో నోటికి రాలేదు. పని చేస్తున్న వాళ్ల ముందు నిలబడి 'ఆట' అనడానికి మరో రకం మనిషి కావాలి.

"పరీక్షక్కా. కంప్యూటర్ పరీక్ష."

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసింది. తర్వాత నేల చూసింది.

"పరీచ్చనా!" అని తల్లి మొదటిసారి చెయ్యి ఆపింది. పక్కనున్న పెద్దావిడ ఆపకుండానే అంది: "పరీచ్చైతే పోనియ్యవే. దాని వంతు మేం చెయ్యమా?"

ఆ గల్లీలో ఒక పద్ధతుంది. పరీక్ష రోజున ఆడపిల్ల చుట్టాల్సిన బీడీలు మిగతావాళ్లు తలా కొన్ని చుట్టిపెడతారు. తిరిగి అడగరు, ఇస్తే పుచ్చుకోరు. పురుటికీ అంతే. పెళ్లికి పోతే ఆ సాయం లేదు, జాతరకు పోతే లేదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసినా ఏం చేసేవాణ్ణో ఇప్పుడు చెప్పను, ఎందుకంటే ఇప్పుడు చెప్పడం తేలిక.

బస్సు తాడ్వాయి దాటాక ఆ పిల్ల అడిగింది: "గెలిస్తే ఇంటికాడ ఏమని చెప్పాలె సార్?"

"పాసైనవని చెప్పు," అని నవ్వాను. ఆమె నవ్వలేదు. హిందీ టీచరమ్మ నిద్రపోతోంది.

కామారెడ్డి పిల్లలు టై కట్టుకుని వచ్చారు. ఇంటర్నెట్ సెంటర్లలో గంటలకొద్దీ ఆడినవాళ్లు. ఆ కారు పేరేమిటో, ఎంత వేగం పోతుందో మాట్లాడుకుంటున్నారు. మా పిల్ల ఎర్ర కారు, నీలం కారు అనుకుంటూ ఆడింది. ఆఖరి పందెంలో చివరి మలుపు దాకా ముందే ఉంది. చివర్లో ఒకడు దాటేశాడు. రెండో బహుమతి. పేరు పిలిస్తే వేదిక మీదికి వెళ్లి, ఏం చెయ్యాలో తెలియక, బహుమతి ఇచ్చినాయన కాళ్లకు దండం పెట్టి వచ్చింది.

బహుమతి కాగితమైతే మడిచి సంచిలో పెట్టుకునేవాళ్లం. ఇచ్చింది షీల్డు. చెక్క పలక, దాని మీద జానెడు బంగారు రంగు కారు. దాన్ని మడవలేం.

తిరిగొచ్చేసరికి వాకిట్లో అయిదుగురూ ఉన్నారు. "ఎన్ని మార్కులొచ్చినయే?" అని పెద్దావిడ ఎదురొచ్చింది. తల్లి షీల్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"పరీచ్చకు కారిస్తరా సారూ?"

చెప్పాను. కంప్యూటర్ మీద కార్ల ఆట అని, పోటీ నిజమేనని, పిల్ల నిజంగానే గెలిచిందని. పరీక్ష అన్నది నా మాటేనని, పిల్లది కాదని.

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"ఆట అని చెప్తే పంపకపోదునా సారూ? పెద్దదాన్ని కబడ్డీకి నిజామాబాదు పంపలేదా? మూడు దినాలు పంపిన. అప్పుడు దాని వంతు వీళ్లనడిగిన్నా? నేనే కూసోని చేసిన. ఆటకైతే నేను చేసుకుంట. పరీచ్చ అన్నవని వీళ్ల చేతులు పెట్టనిచ్చిన."

"పోనియ్యవే, గెలిచింది గద," అంది ఒకామె.

"గెలిస్తే మంచిదే. మీకు నేను అబద్ధం చెప్పినట్టాయె."

మర్నాటి నుంచి ఆ పిల్ల సాయంత్రాలు వాళ్ల వాకిట్లో లేదు. ఒకరోజు పెద్దావిడ అరుగు మీద, మర్నాడు పక్కింట్లో, ఆ తర్వాత ఎదురింట్లో, ఎవరింట్లో కూర్చుంటే వాళ్ల బీడీలు చుట్టింది. వాళ్లు వద్దన్నారు. అబద్ధంతో తీసుకున్న సాయం తీర్చాల్సిందేనని తల్లి వినలేదు. బడిలో సాయంత్రం చదువులకు రాలేదు, శనివారాలు కంప్యూటర్ గదికి రాలేదు. పదో తరగతి సంగతి హెడ్మాస్టరు అడిగితే తల్లి 'చూద్దాం' అని కూడా అనలేదట.

నేను వెళ్లి ఆ నలుగురికీ నా తప్పు నేనే చెప్పుకున్నాను. వాళ్ల వంతు నేను చుడతానన్నాను. ఒక ఆకు ఇచ్చారు. చుట్టాను. తంబాకు ఒక దిక్కు, ఆకు ఒక దిక్కు అయింది. "సారు చేసింది పక్కకు పెట్టున్రే, కార్ఖానల మన పరువు పోతది," అన్నారు. అందరూ నవ్వారు. తల్లి మాత్రం లేచి లోపలికి వెళ్లి, షీల్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది బడిది," అంది.

పీఈటీ సారు దాన్ని తువ్వాలతో తుడిచి, బీరువాలో కబడ్డీ కప్పుల పక్కన పెట్టి తాళం వేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నేను అది ఆట కాదన్న. నువ్వు ఆటే అన్నవు. తీరా చెప్పేకాడికి పొయ్యి, నేనన్నదే నిజం చేసొచ్చినవు."

ముందే ఆయన్ని అడిగి ఉంటే ఆ తల్లి సంగతి చెప్పేవాడు. ఆమె పెద్ద కూతురికి కబడ్డీ నేర్పింది ఆయనే. నేను అడగలేదు. ఆ ఆట బడిలో ఉండాలని అందరితో వాదించాను గానీ, దాన్ని ఆట అని పేరు పెట్టి పిలవడానికి సిగ్గుపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.

జూన్‌లో బడి తెరిచిన మూడో రోజు తల్లీ కూతురూ వచ్చారు. తల్లి హెడ్మాస్టరు బల్ల ముందు నిలబడి, పిల్లను పదో తరగతిలో కూర్చోబెట్టమంది. "దీనికి చదువుకోవాలనున్నది. సారు తప్పుకు దీన్నెందుకు ఆపుదు?" అంది. ఒక్క షరతు పెట్టింది. "గీ కంప్యూటర్ సారు బడి ఇడిసినంక ఎప్పుడు ఆపుకున్నా, ఏంటికి ఆపుకున్నడో కాయిదం మీద రాసియ్యాలె. నోటిమాట వద్దు."

హెడ్మాస్టరు నన్ను చూశాడు. నేను తలూపాను. పద్ధతి నాకు న్యాయంగానే తోచింది.

ఆ ఏడు చాలా చీటీలు రాశాను. 'లెక్కలు, ఒక గంట.' 'ఇంగ్లీషు, ముప్పావు గంట.' నాకు వచ్చినంత ఇంగ్లీషే చెప్పేవాణ్ణి, అందుకే ముప్పావు గంటకు అయిపోయేది. పొద్దున ఇచ్చిన చీటీ మధ్యాహ్నం అన్నానికి పోయే పిల్లతో ఇంటికి పోయి, వెనక తల్లి సంతకంతో తిరిగొచ్చేది. సంతకం ఆమె నెమ్మదిగా, ప్రతి అక్షరం నొక్కి చేసేది. బీడీ కార్ఖానా కాగితాల కోసం నేర్చుకున్న సంతకం.

పండగ సెలవుల ముందు ఒక శనివారం పొద్దున చాలాసేపు ఆలోచించి, చీటీ మీద 'ఇవాళ ఆట. అరగంట' అని రాశాను. పిల్ల చదివి, మడిచి జేబులో పెట్టుకుంది. మధ్యాహ్నం తిరిగొచ్చింది. వెనక సంతకం ఉంది. ప్రతి అక్షరం నొక్కి ఉంది.

సాయంత్రం బడి విడిచాక ఆమె చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది. హిందీ టీచరమ్మ వరండాలో కాగితాలు దిద్దుతోంది. పిల్ల కుర్చీలో కూర్చుని మీటల మీద వేళ్లు పెట్టింది. నేను స్విచ్చు వేశాను. కరెంటు లేదు. జనరేటరు సంగతి ముందే చెప్పాను.

"చూద్దాం సార్, వస్తదేమో," అంది.

అరగంట చూశాం. నల్లటి తెర ముందు ఆమె కదలకుండా కూర్చుంది, వేళ్లు మీటల మీది నుంచి తీయలేదు. అయిదున్నరకు లేచింది. గుమ్మం దాటి, ఒక కాలు చెప్పులో పెట్టి ఆగింది.

"సార్, చీటీ?"

కాగితం చింపాను. 'కరెంటు రాలేదు. ఆట కాలేదు. అరగంట కూర్చున్నాం' అని రాసి, కింద సంతకం చేసి ఇచ్చాను.