గోడెక్కిన పలకరాయి

మా ఇల్లు మార్కాపురంలో మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల ఉంటుంది. కట్టేటప్పుడు బోరు నీళ్ళతోనే కట్టినారు. ఆ నీళ్ళలో ఎంత ఉప్పుందో నోట్లో పోసుకుంటే వెంటనే తెలుస్తుంది. గోడల్లో అది బయటపడడానికి మాత్రం ఎనిమిదేళ్ళు పట్టింది. హాల్లో పడమటి గోడ నడుమెత్తు దాకా తెల్లగా పొడి పూసింది, పెయింటు పొక్కులు లేచింది, తర్వాత సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడడం మొదలైంది. రెండుసార్లు పుట్టీ పెట్టించి రంగు వేయించినాం. రెండుసార్లూ ఏడాది తిరక్కుండానే మళ్ళీ అదే కథ. చుట్టాలొస్తే కుర్చీలు ఆ గోడకు అడ్డంగా జరిపేదాన్ని.

మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. పక్కింటివాళ్ళు హాలంతా పీవీసీ షీట్లు కొట్టించుకున్నారు, చూడడానికి పాలరాయిలాగే మెరుస్తుంటాయి. ఆయనకు అవి తెగ నచ్చినాయి. కనిగిరిలో ఒక షాపుకు పోయి శాంపిల్ ముక్కలు కూడా తెచ్చినాడు.

"ఇది కొట్టించేస్తే పీడ పోతది. చెమ్మ వెనకాల్నే ఉంటది, మనకు కనపడదు," అన్నాడు.

నన్ను ఆపింది ఆ మాటే. కనపడకపోతే లేనట్టేనా? పక్కింట్లో ఎండాకాలం మధ్యాహ్నం పూట కూర్చుంటే ప్లాస్టిక్ వాసన ముక్కుకు కొట్టేది. కొన్నాళ్ళు ఆగుదామని చెప్పినాను. ఆగి ఏం చేయాలో మాత్రం నాకూ తెలియదు.

నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని. మా స్కూలున్న ఊరికి స్కూటీ మీద అరగంట పడుతుంది. దారిపొడవునా పలకరాయి గనులే. ఒకప్పుడు పిల్లలు రాసుకునే పలకలు ఇక్కడినుంచే ఊళ్ళకూ దేశాలకూ పోయేవి. గనుల పక్కన పనికిరాదని పారబోసిన రాయి గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. అందరూ వేస్టు అంటారు. పదకొండేళ్ళు ఆ గుట్టల మధ్యనుంచి పోయినాను, వచ్చినాను. ఒక్కనాడు కూడా బండి ఆపి చూసింది లేదు.

మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. అరవై దగ్గర పడుతున్న మనిషి. సన్నగా, గట్టిగా ఉంటుంది, మాట తక్కువ. ఒకరోజు వానకు స్కూలు వరండా అంతా చిత్తడైంది. గొడుగేసుకుని వంటషెడ్డులోకి పోయినాను. చెప్పులు బయట విడిచి లోపల అడుగు పెడితే అరికాలికి చల్లగా, పొడిగా తగిలింది. కిందికి చూసినాను. నేలంతా పలకరాయి ముక్కలు. ఏ రెండు ముక్కలూ ఒక్క తీరు లేవు, కానీ ఒకదాని అంచు ఇంకోదానికి కొలిచి కోసినట్టు కలిసి ఉన్నాయి. వెంట్రుక దూరే సందు లేదు.

"ఇది ఎవరు పరిచినారు పెద్దమ్మా?"

"నేనే టీచరమ్మా. మట్టినేల, తడిస్తే జారతా ఉండె. పోయిన సెలవుల్లో పరిచినా."

"నీకు ఈ పని ఎట్ల వచ్చు?"

గరిట పక్కన పెట్టి నావైపు తిరిగింది. "వంటకు రాకముందు ఇరవై ఏండ్లు పలకల ఫ్యాక్టరీలోనే గదా నేను రాయి చీల్చింది," అన్నది, ఇంతకాలం ఆ సంగతి నాకెట్ల తెలియలేదో అర్థం కానట్టు.

మా గోడ సంగతి చెప్పినాను. పప్పు కలుపుకుంటూ అంతా విన్నది. "సిమెంటు గోడను ఊపిరి ఆడనియ్యదమ్మా. అదంతా గీకి పారేసి, సున్నం పెట్టి, రాయి ఎక్కియ్యాల. రాయికి నువ్వు ఖర్చు పెట్టే పన్లేదు. గుట్ట ఉంది గదా," అన్నది.

ఆ ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చినాక ఇద్దరం గుట్ట దగ్గరికి పోయినాం. గని మూతపడి చాలా కాలమైంది. ముందే ఓనర్‌ని అడిగినాను. తీసకపోండమ్మా, దారి ఖాళీ అయితది అన్నాడు. పెద్దమ్మ చీర కొంగు నడుముకు చుట్టుకుని గుట్ట ఎక్కింది. చేతిలో చిన్న సుత్తి, రొండిన బాగా పలచని ఉలి. ఒక్కో రాయినీ సుత్తితో తట్టి, తల ఓరగా పెట్టి వినేది. కొన్ని రాళ్ళు ఠంగుమనేవి, కొన్ని పగిలిన పెంకును తట్టినట్టు పలికేవి. పెంకుశబ్దం వస్తే లోపల పగులుందని చెప్పి పారేసేది. నేనూ తట్టి చూసినాను. పది రాళ్ళు తట్టినాక గానీ నా చెవికి తేడా పట్టలేదు.

దుమ్ములో అన్నీ ఒక్కటే బూడిదరంగు. పెద్దమ్మ నా చేతిలో నీళ్ళ బాటిల్ తీసుకుని ఒక రాయి మీద కాసిన్ని చిలకరించింది. చూస్తుండగానే అది ముదురాకుపచ్చగా మారింది. ఇంకోదాని మీద పోస్తే వంకాయ రంగు, మరొకటి తుప్పు ఎరుపు. తర్వాతది నల్లది, దాని మధ్యలో తేనె రంగు చార. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఇంత మంచి రాయి వేస్టులో ఎందుకేసినారు పెద్దమ్మా?"

"పలకంటే నల్లగా, మచ్చ లేకుండా ఉండాల. రంగుంటే పనికిరాదనేటోళ్ళు. మేమే ఏరి ఏరి పారేసినాం."

తర్వాత ఆమె ఒక లావుపాటి రాయిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. అంచు మీద వేలితో తడిమి, ఉలి ఆనించి, సుత్తితో చిన్నగా తట్టింది. బలం పెట్టనే లేదు. రెండో దెబ్బకు రాయిలోంచి ఊపిరి విడిచినంత చప్పుడైంది. మూడో దెబ్బకు అది పుస్తకం తెరుచుకున్నట్టు రెండుగా విడిపోయింది. లోపల రెండు ముఖాల మీదా నల్లటి సన్నని కొమ్మలు, ఆ కొమ్మలకు రెమ్మలు, రెమ్మలకు ఆకులు! ఎవరో కూర్చుని వెంట్రుక కుంచెతో దించినట్టున్నాయి. ఇటు ముఖం మీద ఏ ఆకుందో అటు ముఖం మీద అదే ఆకుంది.

వేలితో ముట్టుకోవడానికి కూడా భయమేసింది.

"చెట్టురాయి అంటాం దీన్ని. నిజం చెట్టు కాదంట, రాయిలో దిగిన నీటిమరక అంట, మా మేస్త్రీ చెప్పేటోడు," అన్నది పెద్దమ్మ. మళ్ళీ అన్నది: "ఇప్పటిదాకా దీన్ని చూసినోళ్ళు ఎవరూ లేరమ్మా. దేవుడు చూసినాడు, మళ్ళ మనమే."

ఇరవై ఏళ్ళు ఆమె రోజుకు ఎన్ని రాళ్ళు తెరిచి ఉంటుంది? అన్నిసార్లూ అట్లనే చూసిందా అని అడిగినాను. "చూడకుండా ఎట్లుంటాం? చూసేది, పక్కన పడేసేది," అన్నది.

వేసవి సెలవులు రాగానే పని మొదలుపెట్టినాం. మా వీధి మేస్త్రీని సాయం రమ్మంటే నవ్వినాడు. ఇంట్లో వేస్టు పెట్టుకునేవాళ్ళను ఎక్కడా చూడలేదన్నాడు. మా ఆయన ట్రాలీ ఆటోలో రాయి దిగుతుంటే గేటు దగ్గర నిలబడి పక్కింటివైపు చూస్తున్నాడు, వాళ్ళు చూస్తున్నారేమోనని. పెద్దమ్మతో కూలి మాట ఎత్తితే ఒక్కటే అడిగింది: "మేస్త్రీకి ఎంతిస్తావో నాకూ అంతే ఇయ్యి. ఆడమనిషని తగ్గియ్యొద్దు." సరేనన్నాను.

సిమెంటంతా గీకి ఇటుక కనపడేదాకా తీసినాం. పది రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టినాం. సున్నం నానబెట్టి, ఇసుకతో పాటు, పక్క వీధిలో కూలగొట్టిన పాత ఇంటి ఇటుకలు దంచి ఆ పొడి కలిపినాం. పెద్దమ్మ కింద వరుస నుంచి రాయి ఎక్కిస్తూ వచ్చింది. ఒక ముక్క చేతిలోకి తీసుకుని గోడవైపు ఒకసారి చూసేది, అంతే. టేపు లేదు, పెన్సిలు గీత లేదు. ఉలితో రెండు మూలలు కొట్టి పెడితే అది దాని చోట్లో సరిగ్గా కూర్చునేది. నాలుగు రోజుల్లో నా నడుమెత్తు దాకా వచ్చింది.

ఐదో రోజు తెల్లవారి టీ పెట్టుకుందామని లేచి హాల్లోకి వస్తే, గోడకు ఎక్కించిన రాయి సగానికి పైగా కిందపడి ఉంది. మా ఆయన వెనకాలే వచ్చి చూసినాడు. "చెప్తే విన్నావా," అంటాడనుకున్నాను. అనలేదు. అనకపోవడమే ఇంకా బాధనిపించింది.

పెద్దమ్మ ఎనిమిది గంటల బస్సుకు వచ్చింది. గుమ్మంలోనే ఆగి చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. సంచి పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, పడిన రాళ్ళు ఒక్కొక్కటే తిప్పి వీపులు చూడడం మొదలుపెట్టింది. అన్నింటి వీపులూ శుభ్రంగా ఉన్నాయి.

"సున్నం గోడను పట్టింది, రాయిని పట్టలేదు. రాయి మరీ నునుపు. ఎండకు సున్నం కూడా తొందరగా ఆరిపోయినట్టుంది. నాకు నేల పరవడమే తెలుసు, గోడ తెలవదు. ఇప్పుడు తెలిసింది," అన్నది.

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో సిగ్గు లేదు, దిగులు లేదు. ఇరవై ఏళ్ళ పనితనం ఉన్న మనిషి, అరవై దగ్గరపడిన వయసులో, కూలిపోయిన తన పని ముందు కూర్చుని కొత్త పాఠం నేర్చుకుంటుంటే చూస్తూ నిలబడినాను. నేను రోజూ పిల్లలకు పాఠం చెప్తాను. తప్పు చేసినవాళ్ళు ఎట్లుండాలో అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఆరోజంతా రాళ్ళ వీపుల మీద ఉలితో గీతలు కొట్టింది. రాళ్ళను తొట్టిలో నానబెట్టింది, గోడను తడిపించింది. కట్టిన గోడ మీద తడి గోనెసంచులు వేలాడదీయాలన్నది. ఎట్ల వేలాడదీయాలా అని మేం చూస్తుంటే మా ఆయన లేచి, తన సామాన్ల పెట్టెలోంచి తీగ తెచ్చి, ఈ చివరి కిటికీ నుంచి ఆ చివరి కిటికీకి బిగించి గోనెలు కట్టేసినాడు. అప్పటినుంచి వాటిని తడపడం ఆయన పని. డ్యూటీకి పోయేముందు తడిపేవాడు, మధ్యాహ్నం అన్నానికి వచ్చి తడిపేవాడు. వారం తిరిగేసరికి రాళ్ళ కుప్ప దగ్గర కూర్చుని, "పెద్దమ్మా, ఇక్కడ పచ్చది పెడదామా?" అని అడుగుతున్నాడు. ఆమె అప్పటిదాకా ఆయన్ను సారూ అని పిలిచేది. "పెట్టు అల్లుడా," అన్నది.

ఆ రోజుల్లోనే ఆయన మూతపడిన ఒక పలకల ఫ్యాక్టరీకి కరెంటు కనెక్షన్ తీసేయడానికి పోయినాడు. అక్కడ పలకలకు బిగించే చెక్కపట్టీలు మూలన కట్టలు కట్టలుగా ఉన్నాయంట. అడిగి నాలుగు కట్టలు తెచ్చినాడు. వేలెడు వెడల్పు కూడా లేని పట్టీలు. సెలవురోజుల్లో వాటిని అడ్డంగా నిలువుగా అల్లినట్టు బిగించి, హాల్లో తలుపుల్లేకుండా ఉన్న అల్మారాకు తలుపులు చేసినాడు. ఆయన చేతిలో అంత ఓపిక ఉందని పెళ్ళయిన ఇన్నేళ్ళకు నాకు తెలిసింది.

చెట్టురాయిని గోడ మధ్యలో, కూర్చున్నవాళ్ళ కళ్ళ ఎత్తున పెట్టినాం, రెండు ముఖాలూ పక్కపక్కనే. పని పూర్తయిన రోజు పెద్దమ్మ తడిగుడ్డతో గోడంతా తుడిచింది. పొద్దుటి ఎండ కిటికీలోంచి పడగానే రంగులన్నీ ఒక్కసారి లేచినాయి. ముగ్గురం నేల మీదే కూర్చుని, ఎవరి ఇంటికో వచ్చినవాళ్ళలాగా చూస్తుండిపోయినాం.

ఆ ఏడు తుఫానుకు నాలుగు రోజులు ఎడతెగకుండా వాన పడింది. రోజుకు పదిసార్లు గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేదాన్ని. పొడిగానే ఉంది. ఇప్పటికీ ఉప్పు పూయలేదు. నవ్విన మేస్త్రీ ఒకరోజు వచ్చి చూసి, సున్నంలో ఏం కలిపినారని అడిగినాడు. పెద్దమ్మనే అడగమని చెప్పినాను. ఇప్పుడు సెలవులు వస్తే ఆమె ఊళ్ళో ఉండదు. గిద్దలూరులో ఒక ఇంటి గోడ, కురిచేడులో ఒక షాపు గోడ, అట్ల పిలుస్తూనే ఉన్నారు. ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన ఇద్దరు ఆడవాళ్ళను కూడా వెంట తీసుకుపోతుంది.

మొన్న వాళ్ళ ఊరి చర్చి రిపేరు చేసుకున్నారు. పాస్టరు గారు నిలబడే చోట వెనక గోడ పెద్దమ్మే కట్టింది. చూడను రమ్మంటే పోయినాను. ఆదివారం కాదు, లోపల ఎవరూ లేరు. నన్ను గోడ దగ్గరికి తీసుకుపోయి ఒక పెద్ద బండ చూపించింది. దాని మీద వరసగా అలలు! గాలికి చెరువు నీళ్ళు కదిలినప్పుడు పైన లేచే చిన్న చిన్న అలలు, రాతిలో.

"ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు దొరికింది. పారేయబుద్ధి కాలే. నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నా. ఇన్నేండ్లు మంచం కింద పెట్టినా. ఎవరికి చూపిస్తే ఏమంటారోనని," అన్నది.

ఇంకా దగ్గరికి జరిగి ఆ బండ మీద చెయ్యి పెట్టినాను. అలల ఎత్తుపల్లాలు వేళ్ళకు తగిలినాయి.

"ఇక్కడ నీళ్ళుండేవి పెద్దమ్మా. ఎప్పుడో, మనుషులు పుట్టకముందు. ఇదంతా నీళ్ళడుగు. అలలు పడిన ఆ బురదే ఇట్ల రాయైంది," అన్నాను.

బయట చర్చి గేటు దగ్గర బిందెలు వరస పెట్టి ఉన్నాయి, మధ్యాహ్నం వచ్చే ట్యాంకర్ కోసం. పెద్దమ్మ తలుపులోంచి వాటివైపు చూసింది, మళ్ళీ బండవైపు చూసింది.

"ఈడనా?" అన్నది.

"ఈడనే."

తలమీద కొంగు సర్దుకుని, నా పక్కనే తన చెయ్యి కూడా రాతి మీద ఆనించింది.