పురుషోత్తం మూసిన కిటికీ

మా ఆయన పేరు పురుషోత్తం. మదనపల్లెలో ముప్పై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్నాడు. చేతిపనిలో దిట్ట, మాట వినడంలో సున్నా. కొత్త ఇల్లు కట్టినప్పుడు మగ్గం గదికి రోడ్డు వైపు పెద్ద కిటికీ పట్టుబట్టి పెట్టించింది నేను. గృహప్రవేశమైన నెలకే దానికి రేకు కొట్టి మూసేశాడీ మహానుభావుడు. టమాటా లారీలు రేపే దుమ్ము పట్టు మీద పడుతుందట. వేడిగాలికి పడుగు ఎండి పోగులు తెగుతాయట. తెగుతాయి, కాదనను. మా అత్త మగ్గం కింద తడిగోనె పరిచి ఆ బాధ లేకుండా చేసుకునేది. ఆ మాటే అంటే, "గోనెలు తడిపేదానికి ఎవరుండారు?" అన్నాడు. ఎదురుగా నిలబడ్డ నేను మనిషిని కాను కాబోలు!

ఆ గదికంతా ఒకే ఒక్క బల్బు. మగ్గం గుంతలో ఆయన, గోడవార రాట్నం దగ్గర కండెలు చుడుతూ నేను. పడుగు మధ్య అటూ ఇటూ దూసుకుపోయే నాడెలో పెట్టే, పట్టుదారం చుట్టిన చిన్న గొట్టమే కండె. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే పదకొండుకల్లా ఊపిరి బరువెక్కేది. పట్టు నూగు, దోమలబత్తి పొగ, పక్కన వంటింటి తాలింపు ఘాటు, అన్నీ అక్కడే తిరిగేవి. మధ్యాహ్నానికి తల పగిలిపోయేది. కిటికీ తెరవమని రెండేళ్లు మొత్తుకున్నాను. "నీకెప్పుడూ ఏదో ఒకటి" అని నాడె విసిరేవాడు.

పోయిన నెల ముదురు ఆకుపచ్చ చీర ఒకటి పూర్తయింది. నేసిన మేర నేసినట్టు మగ్గం ముందుండే దోనె కర్రకు చుట్టుకుపోతుంది కాబట్టి, చీర కోసేదాకా మొత్తం కనబడదు. కోసి, మడతపెట్టడానికి వీధి అరుగు మీద పరిచాడు. నడిమధ్యన మూరెడు ముదురు నీలం! ఆయన దాన్ని వేలితో గీకి చూశాడు. వాళ్ల నాయన యాభై అయిదేళ్లకే చూపు పోయి మగ్గం దిగాడు. ఈయనకిప్పుడు యాభై మూడు.

"అయిపాయ మ్మే. నాకూ వచ్చేసింది" అంటూ అరుగు మీద కూలబడ్డాడు.

కుప్పంలో ఉద్యోగం చేసే మా కూతురు ఉష ఆయన్ని పిలిపించుకుని అక్కడి కళ్ల డాక్టరుకు చూపించింది. కంట్లో ఏ జబ్బూ లేదు, ఉన్న అద్దాలు సరిపోతాయి, వెలుతురున్న చోట పని చేసుకోండి అన్నాడట. మామూలు మనుషులకైతే ఆ మాట చాలు. ఈయన మాత్రం, "ధైర్యం చెప్పేదానికి అట్లంటారు. ఉషను పక్కకు పిలిచి ఏరే చెప్పింటారు" అని తేల్చేశాడు. నాలుగో రోజుకి పాత మగ్గాలు కొనే పుంగనూరు దాసప్పకు ఫోను చేసి వచ్చి పట్టుకుపొమ్మన్నాడు. మగ్గం పోతే ఈ మనిషి ఏం చేస్తాడు? ఇంకో పని తెలియదు, ఇంకో ధ్యాస లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. రంగు చూసి కండెలు బుట్టలో వేయడం నా పని. ఆయన చేతికందింది నేస్తాడు. ఆయన కుప్పం వెళ్లిన రోజు బుట్ట అరుగు మీదికి తెచ్చి చూస్తే, ఆకుపచ్చ వాటిలో నాలుగు నీలం కండెలు కలిసి ఉన్నాయి. అప్పుడే చెప్పాలి కదా? చెప్పలేదు. ముప్పై ఏళ్లు ఆయన తప్పులు ఎత్తిచూపిన నోటికి నాది ఒప్పుకోవడం చేతకాలేదు. సిగ్గుచేటే.

దాసప్ప వచ్చి, మగ్గం ఊడదీయడానికి సుత్తి పట్టుకుని గుంతలోకి దిగాడు. ఇక ఆగలేకపోయాను.

"ఆగన్నా! ఏమయ్యా, ఆ నీలం కండెలేసింది నేనప్పా. నాకు తేడా కనపడలా."

మా ఆయన ఏడవలేక నవ్వాడు. "నన్ను ఓదార్చేదానికి అబద్ధాలు యాల చెప్తావు మ్మే?"

చూశారా! జన్మలో మొదటిసారి తప్పు ఒప్పుకుంటే నమ్మడే! ఒళ్లు మండిపోయింది. ఆ రోజు విడిగా తీసిపెట్టిన నాలుగు నీలం కండెల్లో నాలుగు ఆకుపచ్చవి కలిపి ఆయన ఒళ్లో పడేశాను.

"నీలం యాదో చెప్పు."

బల్బు కింద తిప్పితిప్పి చూశాడు. చెప్పలేకపోయాడు. దాసప్ప చేతికిచ్చాను. "అన్నీ ఒకటే మాదిరి ఉండాయి కదక్కా" అన్నాడు. మా ఆయన రెక్క పట్టుకుని అరుగు మీదికి లాక్కొచ్చాను. ఎండలో నాలుగు ఇటు, నాలుగు అటు, రెప్పపాటులో వేరుచేసేశాడు.

సంతోషిస్తాడనుకున్నాను. తలెత్తి నా వంక చూశాడు.

"అయితే నీకూ కనపడలా, ఇన్నాళ్లూ?"

"కనపడలా. తలనొప్పి, దగ్గు. దినామూ చెప్తానే ఉండాను కదా, నీ చెవికెక్కితే కదా!"

"నీ కండ్లు పోయింటే మ్మే?" అన్నాడు. తన చూపు పోయిందనుకున్న రోజు కూడా ఆ గొంతు అంత వణకలేదు.

దాసప్ప చేతిలో సుత్తి లాక్కుని వెళ్లి రేకు మేకులు పీకాడు. రేకు ఊడి దబ్బుమని కింద పడింది. రెండేళ్ల కిందటే ఈ పని చేసుంటే నీ సొమ్మేం పోయేదని తిడదామని నోరు తెరిచాను. అప్పటికే ఆయన నా రాట్నం ఎత్తుకొచ్చి కిటికీ కింద పెట్టి, పీట మీది దుమ్ము తన తువ్వాలుతో తుడుస్తున్నాడు.