షాంపేన్‌తో సాక పోసిన బావ

కాలేజీ పనిమీద ఫ్రాన్స్ పోయినప్పుడు, తాతముత్తాతల నుంచి షాంపేన్ తయారుచేస్తున్న ఒక పాత ఇంటివాళ్ల నేలమాళిగ చూశాను. సుద్దరాతి గోడల మధ్య, చీకట్లో సీసాలు ఏళ్ల తరబడి పడుకుని ఉంటాయి. ద్రాక్షరసం ఆ సీసాలోనే రెండోసారి పులుస్తుంది. బుడగలన్నీ అలా పులిసిన పుణ్యమే. అక్కడి ముసలాయన గ్లాసు చేతికిచ్చి, ముందు ముక్కుతో తాగమన్నాడు. తాగాను. కాల్చిన రొట్టె, నిమ్మతొక్క, పచ్చి ఆపిల్. అబ్బ! ఒక సీసా కొని కోదాడ తెచ్చుకున్నాను. దీన్ని మిర్యాలగూడ బావకు తాగించాలని దారిలోనే బుర్రలో పురుగు తొలిచింది.

ఎందుకంటే బావకు ముక్కు పోయింది. ఉండాల్సిన చోటే ఉంది, వాసనే తెలియడం లేదు. నిరుడు జ్వరంతో పాటు పోయిన వాసన, జ్వరం తగ్గినా తిరిగి రాలేదు. సూర్యాపేట డాక్టరు "వస్తది, జర ఓపిక పట్టాలె" అని పంపేశాడు. బావది రైస్ మిల్లు. గుప్పెడు బియ్యం ముక్కు దగ్గర పెట్టుకుని పాతవో కొత్తవో చెప్పే మనిషి. మిల్లు వెనకే ఇల్లు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "పోపు మాడ్చినవ్", "చింతపండు ఎక్కువేసినవ్" అని మొదలుపెట్టేవాడు. మా అక్క ఒంటికాలి మీద లేచేది. ఇప్పుడు ఏం పెట్టినా తల వంచుకుని తిని లేస్తున్నాడు.

"ఒక్క వంకన్న పెడ్తలేడు తమ్మీ. గోడకు పెట్టినట్టే ఉన్నది" అని అక్క ఫోన్లో ఏడ్చింది.

గరిడేపల్లి మీదుగా పోయే బస్సులో సీసాను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా నా ప్రాణం పైకి పోయి కిందికొచ్చింది. అక్కడ బావ మంచుగడ్డలు తెప్పించి తొట్టిలో పోసి, సీసాను మెడదాకా పాతి, కరగకుండా పైన వడ్ల ఊక కప్పాడు. మిల్లోడి తెలివి!

సాయంత్రం మిల్లు వాకిట్లో కూర్చున్నాం.

"బావా, బరాత్‌ల పటాకి లెక్క పేల్చొద్దు. బిరడాను గట్టిగ పట్టి సీసాను తిప్పాలె."

"నేర్పినవ్ తియ్" అంటూనే బావ మెల్లగా తిప్పాడు. సీసా ఉస్సుమంది. గ్లాసుల్లో సన్నని బుడగలు దారాల్లా పైకి లేచాయి. బుడగ ఎంత చిన్నదైతే సరుకు అంత మంచిదని చెప్పి, కాల్చిన రొట్టె, నిమ్మతొక్క అంటూ ఏకరువు పెట్టి, ఇక వాసన చూడమన్నాను. బావ కళ్లు మూసుకుని గ్లాసులో ముక్కు పెట్టాడు. అక్కా నేనూ ఊపిరి బిగబట్టాం.

"సల్లగుంది" అన్నాడు.

అంతే. అక్క పోపు పెట్టాలంటూ లేచి వంటింట్లోకి పోయింది. నా ప్రాణం ఉసూరుమంది. ముక్కు పోయినాయన ముందు వాసనల పురాణం విప్పాను, ఇదేం పోయేకాలం నాకు!

అంతలో బావ వంగి సగం గ్లాసు నేలమీద ఒంపేశాడు.

"అయ్యయ్యో! ఏం జేస్తున్నవ్ బావా?"

"సాక. ఎల్లమ్మ తల్లికి పొయ్యకుంట తాగుతమా?"

కల్లు తాగినా ముందు తల్లికి నాలుగు చుక్కలు పోయడం మా దిక్కు ఆచారమే, కాదనను. కానీ నాలుగు చుక్కలు!

"తల్లి గిసుంటిది ఎన్నడు తాగిందో ఏమో. జర ఎక్కువనే పోసిన."

పగలంతా వడ్లు ఎండిన సిమెంటు నేల ఇంకా సెగ కక్కుతోంది. షాంపేన్ దానిమీద బుసబుసా పొంగింది. వంగిన బావ లేవలేదు.

"నడుం పట్టిందా?"

"ఆగు." ఇంకా కిందికి వంగాడు. "తవుడు. అప్పుడే పట్టిన తవుడు వాసనొస్తుందిరా!"

ఫ్రాన్స్‌లో నాకు కాల్చిన రొట్టెలా తగిలింది ఇదేనా? లేక మిల్లులో పొద్దస్తమానం ఉండే తవుడు వాసనేనా? ఏదైతేనేం, నాకు పేచీ లేదు. బావ తన గ్లాసులో మిగిలింది చప్పరించి, "పొద్దటి కల్లుకు పెద్దన్న లెక్కుంది" అన్నాడు.

అక్కను పిలవబోయాను. అంతలోనే బావ తల ఎత్తి వంటింటి వైపు తిరిగాడు.

"ఏమే! ఎల్లిగడ్డ మాడుతుంది, సూస్కోవా?"

లోపల గరిటె కింద పడిన చప్పుడైంది. అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె వెనక పోపు నల్లగా మాడిపోతూనే ఉంది.

"ఇంకొక్కసారి తిట్టయ్యా" అంది.