అచ్చులో మిగిల్చిన పోగులు

మొన్న వాన కురుస్తున్నప్పుడు ఒక గొర్రెల కాపరి మా ఇంటి మెట్ల కింద కాసేపు నిలబడ్డాడు. కరీంనగర్‌లో మేముంటున్న వీధి ఊరి చివర, మందలు ఆ దారినే పోతుంటాయి. అతని భుజం మీది గొంగడి తడిసి, ఆ వాసన మెట్లెక్కి వంటింటి దాకా వచ్చింది. అన్నం వారుస్తున్న దాన్ని, గిన్నె దించి అలాగే నిలబడిపోయాను. తడి ఉన్ని, దాని వెనక కొంచెం పొగ, కొంచెం బూడిద. ఆ వాసనకు నాకు గుర్తొచ్చింది గొర్రెలు కాదు. సౌదీలో, అసీర్ కొండల మీద, ఒక రాతి ఇంట్లో గుంట మగ్గం ముందు కూర్చున్న లక్ష్మీరాజం కాక. ఆయన మాకు చుట్టం కాదు. ఆయనను నేను చూసింది ఆ పది రోజుల సెలవుల్లోనే. అయినా పొద్దున్నే దీపం పెట్టి, నాకు మేలు చేసినవాళ్ళను తలుచుకునేటప్పుడు మా నాన్న పేరు తర్వాత నోటికి వచ్చేది ఆయన పేరే.

అప్పుడు మేం రియాద్‌లో, మలాజ్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక కంపెనీలో లిఫ్టుల మరమ్మతు చూసేవారు. నితాఖత్ అన్న మాట అప్పటికి కొన్నేళ్ళుగా వింటున్నదే. ఏ కంపెనీలోనైనా ఇంతమంది ఆ దేశపు వాళ్ళుండాలి, లేకపోతే కంపెనీకి ఎర్ర రంగు పడుతుంది, ఎర్ర రంగు పడితే పనివాళ్ళు అక్కడ ఉండడానికి కావలసిన ఇఖామా కార్డులు రెన్యువల్ కావు. దాని మీద, భార్యాపిల్లలను దగ్గర ఉంచుకున్నవాళ్ళకు లెవీ పన్ను కూడా మొదలైంది. మా అంతస్తులో ఆరు ఇళ్ళుంటే మూడు ఖాళీ అయ్యాయి. ఒకరోజు మా ఆయన లంచ్ డబ్బా కడుగుతూ, "వచ్చే ఏడు ఉంటమో, ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపుతరో తెల్వది. ఈ ఈద్ సెలవులల్ల ఆ కొండలన్న సూసొద్దాం" అన్నారు. అల్ ఖర్జ్‌లో లబన్ అనే మజ్జిగ సీసాలు కొనుక్కుని రోజంతా ప్రయాణం చేసి ఖమీస్ ముషైత్ చేరుకున్నాం. సెలవు మీద ఇండియా వెళ్ళిన స్నేహితుడి గది తాళం మా దగ్గరుంది. పది రోజులకు అది చాలు.

ఖమీస్‌కు కొంత దూరంలో ఒక పెద్దాయన తన తాతల నాటి రాతి ఇళ్ళను బాగుచేయించి, పాతకాలపు బతుకును చూపించే ఊరుగా మార్చాడు. అద్దాల బీరువాల్లో వస్తువులు పేర్చిన మ్యూజియం కాదది. అక్కడ మనుషులే ప్రదర్శన. ఒకరు తిరగలి విసురుతుంటారు, ఒకరు పొయ్యిలో రొట్టె కాలుస్తుంటారు, టికెట్ కొన్నవాళ్ళు చూస్తూ ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నడుస్తారు. మూడో ఇంటి గడప దాటకముందే నాకు మగ్గం చప్పుడు వినిపించింది. మాది మగ్గం ఇల్లు. చిన్నప్పుడు జబ్బు చేసి నడక ఆలస్యమైందని నన్ను బడికి పంపలేదు. మా నాన్న నేస్తూ నేస్తూనే, పక్క గోడ మీద సుద్దతో అక్షరాలు రాసి నాకు చదువు చెప్పాడు. ఆ చప్పుడు నాకు మా ఇంటి చప్పుడు. మగ్గం ఏ దేశంలోనైనా ఒకేలా మోగుతుందిలే అని సర్దిచెప్పుకుని లోపలికి నడిచాను.

గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి నడుముకు చారల లుంగీ, వెడల్పాటి తోలు పట్టీ, తలకు బంతిపూలూ మరువమూ కలిపి చుట్టిన దండ. ఆ కొండల్లో మగవాళ్ళు అలా పూలు పెట్టుకుంటారు. ఎనిమిదేళ్ళ మా సహస్ర గట్టిగా అరిచింది. "అమ్మా, ఈ తాత నెత్తి మీద బతుకమ్మ పెట్టుకున్నడు!" పక్కనున్న బోర్డు మీద 'నేతగాడు సాలెహ్' అని ఉందని మా ఆయన చదివి చెప్పారు. అంతలో పోగు తెగింది. ఆ మనిషి తల వంచుకునే, పళ్ళ మధ్య నుంచి, "థూ, తెగె పో!" అన్నాడు.

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "కాకా, మీది ఏ ఊరు?" అన్నాను. ఆయన తల ఎత్తలేదు, కళ్ళు మాత్రం ఎత్తాడు. "మెల్లగ బిడ్డా. నన్ను మాట్లాడొద్దన్నరు. నగుమన్నరు, గంతే" అని నవ్వాడు. పేక దారం మోసే నాడెను మళ్ళీ విసిరి, "సిరిసిల్ల" అన్నాడు.

నమాజు వేళ జనం పలచబడ్డాక గడప దగ్గర కూర్చుని తన కథ చెప్పాడు. కూలీ వీసా మీద వచ్చి ఇరవై ఏళ్ళు ఖమీస్‌లో ఇటుకలు మోశాడు. ఈ ఇళ్ళకు సున్నం కొట్టడానికి వచ్చినప్పుడు, అటక మీద నుంచి పాత మగ్గాన్ని దించి ఎవరో బిగిస్తున్నారు. ఈ ఊళ్ళో ఒకప్పుడు దాని మీద ఉన్ని అంగీలు నేసేవారట. తొక్కుడు చెక్కలు తిప్పి కట్టారని ఈయన వేలు పెట్టి చూపించాడు. యజమాని, వాళ్ళ మాటలో కఫీల్, "నీకు వచ్చా?" అని అడిగాడు. "వచ్చుడేంది, పుట్టిందే గుంటల" అనుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి ఆ వేషం, ఆ పేరు.

"సాలెహ్ అని బోర్డు రాస్తే నేను పరేషానైన. మా కులం వీళ్ళకెవరు చెప్పిండ్రని! మనం సాలోళ్ళమే గద. మా పాకిస్తాన్ డ్రైవర్‌కు చెప్తే పొట్టపట్టుకుని నవ్విండు. హిందీల అది తిట్టు, మన దాంట్ల కులం, అరబ్బీల మంచోడు అని అర్థమట. ఇగ ఎట్ల పిలిచినా పలుకుడే."

మా ఆయన ఊరుకోలేదు. "ఇరవై ఏండ్లకు సౌదోనివే అయినవ్ కాకా!"

"టికెట్ కొని వచ్చినవ్ గద, మంచిగ సూడు మల్ల."

చుట్టుపక్కల చూడాల్సిన జలపాతాలు, కోతుల కొండలు చాలా ఉన్నాయి. మేం మాత్రం రోజు విడిచి రోజు ఆ ఊరికే వెళ్ళాం. రెండోసారి వెళ్ళినప్పుడు గుంట పక్కన ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన స్థానికుడు, పెద్ద చేతులు, నిటారు నడుము. పేరు అబూ ఫహద్, సైన్యంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ మగ్గం మీద ఒకప్పుడు నేసింది ఆయన తాతేనట. కాక ఆయన చేతిలో నాడె పెట్టి, "శ్వయ్య శ్వయ్య, మెల్లగ" అంటున్నాడు. ఆయన విసిరిన నాడె పడుగు దాటి, గుంట దాటి, వెళ్ళి సహస్ర కాళ్ళ దగ్గర పడింది. "తుపాకీ అనుకుంటుండు" అన్నాడు కాక. అబూ ఫహద్‌కు ఆ మాట అర్థం కాకపోయినా, అందరితో పాటు నవ్వాడు.

ఆయన బయటికి వెళ్ళాక కాక అసలు సంగతి చెప్పాడు. ఆ ఊళ్ళో చేతిపనులు చూపించే కొలువులు ఇక ఆ దేశపువాళ్ళకే ఇవ్వాలని కాగితం వచ్చింది. నేర్పడానికి ఒక నెల. అబూ ఫహద్ ఒంటరిగా మగ్గం నడిపిన రోజు కాకకు ఎగ్జిట్. చిన్నకూతురి నర్సింగ్ చదువు ఇంకా రెండేళ్ళుంది. ఊళ్ళో మరమగ్గాల దగ్గర ఆ వయసులో పని ఇవ్వరు. ఇదంతా ఎవరి మీదా కోపం లేకుండా, ఆ రోజు గాలి ఎలా ఉందో చెప్పినట్టు చెప్పాడు.

ఆ రోజు నేను చేసింది ఇప్పటికీ గుర్తుంది. మగ్గం ఇంటి బిడ్డను కనుక అందులో అసలు గుట్టు ఎక్కడుందో నాకు తెలుసు. నాడె విసరడం నెలలో వస్తుంది. ఒక పడుగు అయిపోయాక కొత్త పడుగు అతకడం రాదు. పాత పడుగు చివర్లను, పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులో అలాగే ఉంచి, వందల పోగులను ఒక్కొక్కటిగా, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టి, కొత్తవాటితో కలపాలి. ఒక్క పోగు తారుమారైనా బట్ట పాడవుతుంది. మగ్గం మీది పడుగు ఇంకో వారంలో అయిపోయేలా ఉంది. నేను గొంతు తగ్గించి అన్నాను. "కాకా, అతుకు నేర్పకు. పడుగు అయిపోయిననాడు అచ్చుల ఒక్క పోగు లేకుండ కోసెయ్యి. మగ్గం ఆగుతది. వాళ్ళే నిన్ను పిలుస్తరు."

మా ఆయన కూడా తల ఊపారు. కాక చేతిలోని పేక దారం చుట్టడం ముగించాడు. తర్వాత నన్నడిగాడు. "మీ నాయిన నీకు అక్షరాలు నేర్పిండంటివి గద బిడ్డా?"

"అవు."

"అన్ని నేర్పిండా? ఏదన్న ఒకటి దాసుకున్నడా?"

జవాబు కోసం ఆగకుండా ఆయన లేచి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. గదికి తిరిగి వస్తుంటే దారంతా నాకు మా నాన్న సుద్దముక్క పట్టుకున్న వేళ్ళు కనిపించాయి. ఎవరూ వాడని 'ఱ' కూడా నేర్పాడాయన, ఎప్పుడైనా పనికొస్తుందేమోనని.

మా తిరుగు ప్రయాణానికి ముందు రోజు పడుగు అయిపోయింది. నేసిన బట్టను గుర్తుగా ఇంటికి తీసుకుపొమ్మని కాకకు చెప్పాడు కఫీల్. కాక కత్తి తీసి కోశాడు గానీ, పూర్తిగా కోయలేదు. మూరెడు బట్ట మగ్గం మీదే ఉంచాడు. దాని పోగులన్నీ అచ్చులోంచి వేలాడుతున్నాయి. కాఫీ కాచే పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చి, అబూ ఫహద్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ లావు వేళ్ళను తన వేళ్ళతో పట్టుకుని మెలిపెట్టించాడు. మొదటి పది పోగులూ ఊడిపోయాయి. ఆ సిపాయి నుదుట చెమట పట్టింది. "ఖలాస్, నాతో కాదు" అని చేతులెత్తేశాడు. కాక ఆ చేతులను కిందికి దింపి, మళ్ళీ బూడిద అద్దాడు. మధ్యాహ్నానికి ఒక పోగు నిలిచింది. కాక లాగి చూశాడు, ఊడలేదు. అబూ ఫహద్ ఆ పోగును వదలకుండా పట్టుకుని, కాక తలమీద ముద్దు పెట్టాడు. పెద్దలను అక్కడ అలాగే గౌరవిస్తారు. పూలదండ ఒక పక్కకు ఒరిగిపోయింది, కాక సర్దుకోలేదు.

కోసిన బట్టలోంచి జానెడు ముక్క సహస్రకు ఇచ్చాడు. "ఇగ పోండ్రి, పైలం" అన్నాడు. రెండు వారాలకు ఆయనకు ఎగ్జిట్ పడిందని మా ఆయనకు ఎవరో చెప్పారు.

తర్వాతి ఈద్‌కు మా వంతు వచ్చింది. మా ఎగ్జిట్ కాగితాలు సిద్ధమయ్యే లోపల ఒక్కసారి వెళ్ళొద్దామని నేనే అడిగాను. బోర్డు అదే, పేరు అదే. సాలెహ్ అన్న చోట అబూ ఫహద్ కూర్చుని నేస్తున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి, బట్ట చుట్టిన దోనె విప్పి చూపించాడు. పాత ఉన్ని గోధుమరంగు, కొత్తది కొంచెం నలుపు. రెండూ కలిసిన చోట బట్టకు అడ్డంగా సన్నని గీతలా బుడిపెలు. దాని కింద వేలు పెట్టి "హాదా సాలెహ్" అన్నాడు, పైన పెట్టి "హాదా అనా", ఇది నేను, అన్నాడు. ఆ చోటును కోయకుండా ఏడాదిగా అలాగే ఉంచుకున్నాడు. మళ్ళీ కూర్చుని నాలుగు వరసలు నేశాడో లేదో, పోగు తెగింది. అరబ్బు ముఖం, సిపాయి మీసం, తల మీద బంతిపూలు, నోట్లోంచి మాత్రం స్పష్టంగా, "థూ, తెగె పో!"

సహస్ర నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తింది. ఆయన మావైపు చూసి, ఇందులో నవ్వేందుకు ఏముందన్నట్టు పోగు ముడివేసుకున్నాడు. నేతపనిలో ఆ సమయానికి అనాల్సిన మాట అదేనని ఆయన నమ్మకం.

ఆ నెలలోనే కాక ఊరి నుంచి ఫోన్ చేశాడు. చేపల చెరువు దగ్గర కాపలా పని దొరికిందట, బిడ్డ చదువు నడుస్తోందట. మేం మళ్ళీ వెళ్ళి చూసొచ్చామని చెబితే, నన్ను అడిగింది ఒక్కటే. "అచ్చు ఊడదీసిండ్రా?" లేదని చెప్పి, నేను చూసినదీ విన్నదీ చెప్పాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "గదొక్కటి నేను నేర్పలే బిడ్డా. గది ఆయనే నేర్చుకుండు."

మలాజ్‌లో నేను శుక్రవారాలు మా హాల్లో చాప పరిచి ఐదారుగురు పిల్లలకు తెలుగు అక్షరాలు చెప్పేదాన్ని. వెళ్ళిపోయేముందు వాళ్ళ నోటుబుక్కులు మూసి ఎవరివి వాళ్ళకు ఇచ్చేద్దామనుకున్నాను. మనం లేని లోటు తెలియాలి అన్న చిన్న ఆశ కూడా లోపల ఉందేమో, లేదనను. కానీ గుణింతం పాఠం 'కీ' దగ్గర ఆపేసి, బుక్కులన్నీ పక్కింటి నర్సు మరియమ్మ చేతిలో పెట్టాను. నరసాపురం వైపు మనిషి. "నేనేం చెప్తానండీ వదినా! డాక్టర్ల పక్కన పనిచేసి నా చేతిరాత కూడా చెడిపోయింది" అంది. నెల తర్వాత ఆమె ఒక ఫోటో పంపింది. పేజీలో 'కీ' వరకు నా గుండ్రటి అక్షరాలు, 'కు' నుంచి ఆమెవి, నిజంగానే మందుల చీటీలా ఉన్నాయి. చదవడానికి మాత్రం వస్తున్నాయి.

జానెడు ఉన్ని ముక్క మా పూజ అలమారలో పటం కింద పరిచి ఉంటుంది. పొద్దున తలుచుకునే పేర్ల వరసలో ఈమధ్య కాక తర్వాత అబూ ఫహద్ పేరు కూడా చేరింది. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి రోజూ కొంచెం నవ్వొస్తుంది. దేవుడు ఏమీ అనుకోడనే నా నమ్మకం.