ఎడమ నుంచి రెండో అమ్మాయి

మా అమ్మమ్మ వెర్నా భోజనాల బల్ల మీద ఎవరైనా భోంచేసి పదేళ్ళయింది. బల్ల నిండా మేజరెట్ల సామానే: బ్యాండు ముందు బ్యాటన్ తిప్పుతూ నడిచిన మా ఊరి అమ్మాయిల తెల్ల బూట్లు, ఈకల టోపీలు, ఫొటోలు. ఉక్కు మిల్లు తరవాత బడీ మూతపడ్డప్పుడు చెత్తబండిలోంచి లాక్కొచ్చింది. చదువు మానేసిన నాకు ఫొటోల వెనక పేర్లు రాసే ఉద్యోగమిచ్చింది. జీతం క్యాబేజీ నూడుల్స్.

పోయిన వసంతంలో డార్లా తల్లి ఫొటో ఉందేమోనని వచ్చింది. తల్లి రోజలీ పోయేనాటికి ఆమెకు రెండేళ్ళు. ఇంట్లో ఫొటోలు ఒహాయో నది వరదలో పోయాయి. అమ్మమ్మ, రోజలీ ఒకే జట్టు. ఆరుగురున్న ఫొటోలో ఎడమ నుంచి రెండో అమ్మాయిని అమ్మమ్మ పెద్దది చేయించి ఇచ్చింది. కనుబొమల దాకా టోపీ, గడ్డానికి పట్టీ, అందరిదీ ఒకే నవ్వు. అమ్మమ్మకు వరసలో ఎవరి చోటేదో అదే గుర్తు: రోజలీది ఎడమ నుంచి రెండోది. తనది అయిదోది. అక్కడ మొహం మీద వరద నీటి మరక.

"నా మొహం నచ్చి నది తినేసిందిరా," అనేది.

మొన్న ఆ ఫొటో చూస్తూ ఏడిపించాను. "అమ్మమ్మా, మీరంతా ఎడమచేతి వాళ్ళా?"

"నోర్ముయ్. ఎడమచేత్తో బ్యాటన్ పడితే టీచరమ్మ ఇంటికి పంపేసేది."

ఫొటో లాక్కుని చూసింది. ఆరు బ్యాటన్లూ ఎడమచేతుల్లోనే ఉన్నాయి. ఫొటో కడిగినవాడు నెగెటివ్ తిరగేసి కడిగాడు, కుడి ఎడమైపోయింది. అమ్మమ్మ వేలు పెట్టి వరసను కుడి నుంచి లెక్కపెట్టింది.

"అయితే రెండోది నేను. మరక రోజలీ మీద పడింది."

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెలిసిందిగా. కారు తియ్యి."

డార్లా మంచం పక్కనే ఉంది ఆ ఫొటో. అమ్మమ్మ చెప్పిందంతా విని ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది.

"అయితే వెర్నా ఆంటీ, ఏడాదిగా రోజూ పడుకునేముందు నేను ముద్దు పెట్టింది నీకన్నమాట."

"క్షమించు తల్లీ. ఇచ్చేముందు ఫొటో నేనే సరిగ్గా చూడాల్సింది."

డార్లా మేం తెచ్చిన ఆరుగురి ఫొటో తీసుకుని మరక కింద వెతికింది. ముఖం లేదు. బ్యాటన్ పట్టుకున్న చెయ్యి, బూట్లు మిగిలాయి. చిటికెన వేలు విడిగా నిలబడి ఉంది.

"ఆ వేలికి రోజూ తిట్లు తినేది," అంది అమ్మమ్మ.

డార్లా తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. ఆమె వేలు మామూలుగానే ఉంది.

ఇంటికొచ్చాక ఫొటో వెనక పేర్లన్నీ చెరిపి తిరగరాశాను. అమ్మమ్మ చెప్పినట్టే రాశాను: "అయిదు, రోజలీ. చెయ్యి మాత్రం."