యెరూషలేముకు వయా మాడుగులపల్లి

సమస్త లోకాలను నోటిమాటతో కలుగజేసిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన ఒక్క మాట పలికితే వెలుగు పుట్టింది. నేను ఒక్క మాట పలికితే మూడు ఊళ్లకు నిద్ర లేకుండా పోయింది. ఆయన నోటికి మహిమ, నా నోటికి తాళం కలుగును గాక. ఇక నా పరువు ఏ విధంగా మట్టిలో, కచ్చితంగా చెప్పాలంటే వడ్లలో, కలిసిందో వినండి.

అది ఎనభైల దశకం. నాకు ఇరవై దాటి నాలుగేళ్లు. సూర్యాపేటలో రేడియోలు బాగుచేసే కొట్టులో పని, ఆదివారం సంఘంలో ముందు వరుస. వాక్యం నోటికొచ్చు. బుద్ధి మాత్రం ఇంకా ఓనమాల దగ్గరే ఉంది.

మా సంఘంలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెబుతారు. వారంలో దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఆ ఆదివారం నా ముందు లేచినవాడు కరెంటు పనిచేసే సుందరం. స్తంభం మీది నుంచి జారి గడ్డివాము మీద పడి, గీత కూడా పడకుండా బతికాడట. సంఘం వేసిన హల్లెలూయ కేకలకు రేకుల కప్పు మీది పావురాలు లేచిపోయాయి. తర్వాతి వంతు నాది. నా దగ్గరున్నదేమో పోయిన గొడుగు దొరికిన సాక్ష్యం. స్తంభం ముందు గొడుగు ఎంతసేపు నిలబడుతుంది చెప్పండి?

లేచాను. "ప్రభువు నాతో మాట్లాడాడు" అన్నాను. సంఘం నిటారుగా కూర్చుంది. అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి.

"నా మోటారు సైకిలు మీద, ఒంటరిగా, రోడ్డు మార్గాన, దేశాలు దాటి యెరూషలేముకు పొమ్మన్నాడు!"

లేచిపోయిన పావురాలు ఆ రోజు ఇక తిరిగిరానే లేదు.

నిజం చెబుతున్నాను, ప్రభువు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే కూర్చోమనేవాడు.

ఇంటికి పోయి మా తమ్ముడి అట్లాసు తెరిచాను. హైదరాబాదు నుంచి యెరూషలేముకు జానెడు దూరం. ఆ జానెడులోనే పాకిస్తాన్, ఇరాన్, ఇరాక్, జోర్డాన్. వాటిలో రెండు దేశాలు ఒకదాని మీద ఒకటి బాంబులు వేసుకుంటున్నాయని నేను బాగుచేసిన రేడియోలే రోజూ అరుస్తున్నాయి. అప్పటికి నా ఒంటరి ప్రయాణాలన్నింటిలో పొడవైనది నకిరేకల్. తిరుగు ప్రయాణంలో బండీ నేనూ లారీలో వచ్చాం. కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదినట్టు అంటారు. నాకు ఆ కుక్క కూడా లేదు.

పాస్‌పోర్టుకు పెట్టాను. రాకూడదని రాత్రింబగళ్లు ప్రార్థించాను. వచ్చింది. వీసాల సంగతి ఎవరైనా అడిగితే "ఏ దేశం గేటు దగ్గర ఆ దేశానిది అడుగుతా" అనేవాణ్ణి, కండక్టర్ని టికెట్టు అడిగినంత ధీమాగా. లోపల మాత్రం ఒకటే దిగులు. వెనక్కి తగ్గితే సంఘంలో నా మాటకు విలువ ఉండదు. ముందుకు పోతే నా ప్రాణానికి ఉండదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఎవరో ఒకరు గట్టిగా "వద్దు" అనాలి. అంటే చాలు, కన్నీళ్లతో లోబడిపోయి, ఆ నెపం వాళ్ల మీద వేసి, హాయిగా రేడియోలు బాగుచేసుకోవచ్చు.

ముందు అమ్మ దగ్గర మొదలుపెట్టాను.

"అమ్మా, దారిల లడాయి జరుగుతున్నదట."

అమ్మ తొక్కు పచ్చడి డబ్బాకు గుడ్డ కడుతోంది. తల ఎత్తలేదు. "ప్రభువు సూసుకుంటడు బిడ్డా. మామిడికాయ తొక్కు ఒక్క డబ్బ సాల్తదా, రెండు వెట్టాల్నా?"

"నాకేమన్న అయితే ఎట్లనే?"

"పొమ్మన్నోడు ఆయన. తోల్కపోయేటోడు ఆయన. రెండు వెడ్తున్న."

అమ్మ కాకపోతే అయ్యగారు ఉన్నారు కదా అని పాస్టరు గారింటికి పోయాను.

"అయ్యగారూ, నేను చాలా బలహీనుణ్ణండి."

"బలహీనులనే కదయ్యా ఆయన వాడుకునేది!" అని నా నెత్తిన చెయ్యి పెట్టి ముప్పావుగంట ప్రార్థన చేశారు.

బయలుదేరే రోజు సంఘమంతా రోడ్డు మీద నిలబడి పాటలు పాడి, మెడలో బంతిపూల దండ వేసింది. యెరూషలేము పడమరన ఉంది. నేను బండిని తూర్పుకు తిప్పాను.

"అటెటు పోతున్నవ్ర?" అని సుందరం కేకవేశాడు.

"కోదాడల మేనత్తకు చెప్పిపోతా!"

మా మేనత్త సంగతి మీకు తెలియదు. పక్కింటి కోడి తప్పిపోయినా కొంగు తడుపుకునే మనిషి. నన్ను చూడగానే కాళ్లు పట్టుకుని ఆపేస్తుందని నా నమ్మకం. గుమ్మంలోనే ఎదురొచ్చింది, కళ్లు పొడిగా.

"వచ్చావా నాయనా! మన వంశంలో దేవుడు మాట్లాడింది నీతోనేరా!"

"అత్తా, నీకు ఏడుపు వస్తలేదా?"

"ఎందుకేడవాలిరా? ఇదిగో, ఈ డబ్బా నిండా యోర్దాను నీళ్లు పట్టుకురా" అని అయిదు లీటర్ల నూనె డబ్బా చేతిలో పెట్టింది. "మూత గట్టిగా బిగించుకో, ఇరాన్‌లో కారుద్దేమో."

"అత్తా, అసలు నేనే తిరిగి రానేమో!"

"పంపినోడు తీసుకురాడా ఏంటి? ఆ అన్నం తిను, చల్లారిపోతంది."

ఇక చివరి ఆశ మిర్యాలగూడ మేనమామ. రైసు మిల్లులో గుమస్తా. పెళ్లిలో పప్పు చల్లారిందని పందిరి దించమన్న మనిషి. నేను అయిదో తరగతి పాసయితే "ఇగ చాలు, ఎందుకు సదువు" అన్నవాడు. ఈయన వద్దనకపోతే ప్రపంచంలో వద్దనేవాడు లేడు.

"మామా, జర ఆలోచన జేసి చెప్పు. పోవాల్నా, వద్దా? నువ్వేదంటె గదే."

మామ నన్ను కింది నుంచి పైకి చూశాడు. "అల్లుడా, నీ అసొంటి దద్దమ్మ ఈ జిల్లాల లేడనుకున్న."

నా గుండె గంతులేసింది. "అవు మామా! నేను దద్దమ్మనే!"

"గని దేవుడే నిన్ను నమ్మినంక నేనెవన్ని? పో."

జన్మలో ఒక్క చాయ్ కూడా ఇప్పించని మామ బండి ట్యాంకు నిండా పెట్రోలు పోయించాడు. బంధువులు తిడితే బతకవచ్చు కానీ ఆశీర్వదిస్తే బతకలేం.

ఇక వద్దనేవాళ్లు అయిపోయారు. నల్లగొండ దారి పట్టాను. బండి వెనక తొక్కు డబ్బాలు, నూనె డబ్బా, మెడలో వాడిన దండ. "ప్రభువా, ఏదన్నా అడ్డం పెట్టు" అని కళ్లు మూసుకుని ప్రార్థించాను. బండి నడుపుతూ కళ్లు మూసుకుని ప్రార్థించకూడదని ఏ లేఖనంలోనూ లేదు కానీ, ఉండవలసింది. కళ్లు తెరిచేసరికి మాడుగులపల్లి దగ్గర రోడ్డు మీద సగం వరకు ఆరబోసిన వడ్లు.

బండి ఒక దిక్కు, తొక్కు ఒక దిక్కు, నేను వడ్లలో బోర్లా. కాలు మడత పడింది. ఒకామె గడ్డపలుగంత కోపంతో పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో నా వడ్లు! తొక్కంత కలిపినవ్ గదర! కండ్లు నెత్తికెక్కినయా? ఎటువోతున్నవ్?"

"యెరూషలేముకమ్మా."

"గదేడున్నది? త్రిపురారం దాటినంకనా?"

"పాకిస్తాన్, ఇరాన్ దాటినంక."

ఆమె నన్నూ, బండినీ, దండనూ చూసింది. "వడ్లే దాటరాకపోతివి, దేశాలేం దాటుతవ్? ఇంటికి పో!"

పాఠకులారా, మూడు ఊళ్లు తిరిగినా దొరకని మాట అది. వడ్లలో పడుకునే చేతులు పైకెత్తాను.

"స్తోత్రం! ఇంకొక్కసారి అనమ్మా, ఇంటికి పొమ్మని!"

"ఓ మల్లయ్యా, జర ఉరికిరా!" అని ఆమె గట్టుమీది మనిషిని కేకేసింది. "ఈ పొల్లగానికి తలకు తాకినట్టున్నది!"

మల్లయ్య ట్రాక్టరులో బండితో సహా ఇల్లు చేరాను. కాలు గుమ్మడికాయలా వాచింది. నాకు అంతకన్నా అందమైన వస్తువు అప్పటికి కనబడలేదు. ఈ కాలు చూపించి ఏడాది నెట్టుకురావచ్చు. కానీ మా సంఘం ఊరుకుంటుందా? ఇంటికొచ్చి మంచం చుట్టూ మోకాళ్లూని, స్వస్థత కోసం ఒకటే ప్రార్థన. దేవుడు ఎక్కువమంది మాట విన్నాడు. ఆదివారానికి వాపు తీసేశాడు.

ఇక దాక్కునే చోటు లేదు. సాక్ష్యాల సమయంలో లేచాను.

"ప్రభువు నాతో ఏమీ మాట్లాడలేదు. నేనే అన్నాను. నాకు భయం. నేను పోలేను."

రాళ్లు ఏరుకుంటారేమోనని తలుపు వైపు చూశాను. అప్పుడు అమ్మ లేచింది.

"ఓరి నీ నోరువడ! నువ్వు పోవద్దని నేను వారం దినాలాయె, ముద్ద ముడుతలేను!"

"మరి నాకు వద్దని ఎందుకు చెప్పకపోతివే?"

"ప్రభువు చెప్పిండంటివి గదర! నీకు వద్దంటె ఆయనకు వద్దన్నట్టు గాదా?"

వెనక వరుసలోంచి ఒక్కొక్కరే బయటపడ్డారు. సుందరం ఉపవాసం ఉన్నాడట. అమ్మకు అందిన కబురు ప్రకారం, కోదాడ అత్త గదిలో తలుపులు వేసుకుని రెండు రోజులు ఏడ్చిందట. గుడి మెట్టెక్కని మిర్యాలగూడ మామ సైతం మిల్లులో మూట చాటున మోకరించాడట. మూడు ఊళ్లూ, నాతో కలిపి, ఒక్కటే అడుగుతుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? అడ్డం పెట్టమన్నారు, పెట్టాడు.

అందరూ నవ్వి, ఏడ్చి, నన్ను క్షమించారు. ఇక గండం గడిచిందనుకుని కూర్చోబోతుండగా అయ్యగారు లేచారు. ఆయన భారీ మనిషి. లేస్తే బల్ల కిర్రుమనేది.

"ప్రభువు నాతో కూడా మాట్లాడాడు" అన్నారు మెల్లగా. "ఆ బండి ఊరికే ఉండకూడదట. చిలుకూరు, త్రిపురారం, ఎక్కడ ప్రార్థన కూడిక ఉంటే అక్కడికి ఈ అబ్బాయి నన్ను ఎక్కించుకుపోవాలట."

"ఆమెన్!" అంది సంఘం.

కాదనడానికి నోరు తెరిచాను. దేవుడు చెప్పాడన్నాక కాదనేదెవరు? మూశాను.

తొంభైలు వచ్చి, బండి పాతబడి, వెనక చక్రం వంకరపోయేదాకా ఆయన్ని తిప్పాను. ఆ దూరమంతా కలిపితే యెరూషలేముకు పోయి రావచ్చు, మధ్యలో భోజనాలతో సహా. పెట్రోలు సంగతి మాత్రం ప్రభువు ఎవరితోనూ మాట్లాడలేదు.

కాబట్టి విశ్వాసులందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆయన అనని మాట ఆయన అన్నాడని అనను. ఒకవేళ నిజంగానే అన్నా, ఏ ఊరు, ఎంత దూరం, వెనక ఎవరు కూర్చుంటారు అని మూడుసార్లు అడిగి తెలుసుకున్నాకే నోరు విప్పుతాను. మీరు కూడా ఒక్క నిమిషం తల వంచి నాతో కలిసి అడగండి: ప్రభువా, మా పెదవులకు కాపలా పెట్టు. మా గొప్పలకు నీ పేరు తగిలించనీయకు. తగిలించామా, మమ్మల్ని కాస్త మెత్తటి చోట పడవెయ్యి. ఆమెన్.